గట్టిగా దిగిన విమానం, వెనక సీట్లో మాట

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాం. రెండు విడతల్లో చదివినా పర్లేదు, కానీ సగంలో ఆపి కామెంట్ పెట్టొద్దు.

పోయిన వారం మన గ్రూపులో ఎవరో ఒక వీడియో షేర్ చేశారు. విమానం రన్‌వే మీద ధబ్‌మని దిగుతుంది, లోపల జనం కేకలు, పైనున్న సామాన్ల అరలు గడగడా ఊగుతాయి. కింద నవ్వు బొమ్మలు బోలెడు. "పైలట్ లైసెన్స్ ఎక్కడ కొన్నాడో" అని ఒక తమ్ముడు రాశాడు. నవ్వు బొమ్మలు పెట్టిన వాళ్లలో మేమూ ఉన్నాం. పెట్టేశాక మాలో ఒకడు "మనం నవ్వాల్సింది కాదురా" అన్నాడు. ఎందుకన్నాడో మిగతా ముగ్గురికీ వెంటనే అర్థమైంది. ఆ సంగతి రాద్దామనే ఈ పోస్టు.

మేం నలుగురం. విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన అక్టోబర్లో ఢిల్లీలో ఒక శిబిరానికి మా నలుగుర్నీ ఎంపిక చేశారు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం. టికెట్ వాళ్లే తీశారు. మా ఊళ్లల్లో చాలామంది విమానం చూసింది వానాకాలం మబ్బుల సందులోంచి మాత్రమే. మాకూ అంతే. బెల్టు పెట్టుకోవడం రాక పక్కావిడని చూసి నేర్చుకున్నాం. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాం.

విశాఖలో దిగేటప్పటికి వాన దంచి కొడుతోంది. కిటికీలోంచి ఏమీ కనపడలేదు. రెక్క చివర దీపం ఒక్కటే మినుకుమంటోంది. ఉన్నట్టుండి రన్‌వే కనిపించింది, కనిపించిన కాసేపటికే ధన్! నడుం దాకా తగిలింది. ఆ వెంటనే పెద్ద హోరు, ముందుకు తోసినట్టు అయ్యింది, తర్వాత విమానం మెల్లబడి మామూలుగా నడిచింది. మాలో ఒకడు ముందు సీటు పట్టుకుని "అమ్మా" అన్నాడు. పేరు చెప్పం.

అప్పుడు మా వెనక సీట్లోంచి ఒకాయన, మంచి బట్టలేసుకున్న పెద్దాయన, పక్కాయనతో గట్టిగానే అన్నాడు: "కోటాలో వచ్చినోడు అయ్యుంటాడు." పక్కాయన నవ్వాడు. చుట్టుపక్కల నలుగురైదుగురు నవ్వారు. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తోంది గానీ మాలో ఒకడు కూడా నవ్వాడు. మిగిలిన ముగ్గురం కిటికీ వైపు చూశాం. దిగేటప్పుడు కాక్‌పిట్ తలుపు మూసే ఉంది. ఆ రోజు విమానం దించింది కెప్టెనో, కో-పైలటో, మగవాళ్లో, ఆడవాళ్లో, ఏ ఊరి వాళ్లో మాకు తెలియదు. వెనక సీటాయనకీ తెలియదు. ఆయనకి తెలిసిందల్లా నడుముకి తగిలిన దెబ్బ ఒక్కటే. దాంతోనే కులం దాకా వెళ్లిపోయాడు.

ఆ దెబ్బ గురించి తర్వాత చదివాం. హాస్టల్లో వైఫై ఉన్నప్పుడు, లేనప్పుడు కాలేజీ లైబ్రరీలో. మాలో ఒకడు ఫిజిక్స్ చదువుతున్నాడు, లెక్కలు వాడు చేసి పెట్టాడు. తెలిసింది ఏంటంటే, ఆ రోజు ఆ వానలో మెత్తగా దించి ఉంటేనే మేం భయపడాల్సింది.

ముందు మనకు తెలిసిన విషయంతో మొదలుపెడతాం. నాట్లప్పుడు పొలం గట్టు మీద నడుస్తాం కదా. తడిసి జిగటగా ఉంటుంది. కొత్తగా వచ్చిన వాళ్లు జాగ్రత్తగా, మెత్తగా, అరికాలు ఆనీ ఆననట్టు అడుగేస్తారు. సర్రున జారి మడిలో పడతారు. నెత్తిన నారు కట్ట పెట్టుకున్న మన అవ్వలు అలా నడవరు. మడమ గుచ్చి, బరువంతా ఒక్కసారి దించి అడుగేస్తారు. నీళ్లు పక్కకి చిమ్ముతాయి, కాలు గట్టు మన్నుని పట్టుకుంటుంది. వాళ్లని చూసి "మోటుగా నడుస్తుంది" అని ఎవరూ అనరు.

విమానం కూడా అదే పని చేస్తుంది. కాకపోతే దాని బరువు 60 టన్నులు, వేగం గంటకు సుమారు 260 కిలోమీటర్లు. విమానాల భాషలో 140 నాట్లు.

వాన పడ్డ రన్‌వే మీద పల్చగా నీటి పొర ఉంటుంది. టైరు వేగంగా దాని మీదికి వస్తే, నీళ్లు పక్కకి తప్పుకునే లోపే టైరు వాటి మీదికి ఎక్కేస్తుంది. టైరుకీ నేలకీ మధ్య నీళ్లే ఉంటాయి. దీన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. ఏ వేగం దగ్గర ఇది మొదలవుతుందో లెక్కగట్టడానికి నాసా వాళ్లు ఒక సూత్రం ఇచ్చారు. టైరులో గాలి ఒత్తిడి ఎన్ని పౌండ్లో దానికి వర్గమూలం కట్టి 9తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. కారు టైరులో 30 పౌండ్ల గాలి కొట్టిస్తాం కదా, దానికి సుమారు 49 నాట్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు. పెద్ద విమానం టైరులో దాదాపు 200 పౌండ్లు ఉంటుంది. దానికి 127 నాట్లు వస్తుంది. విమానం దిగేది 140 దగ్గర. చూశారా, దిగే వేగమే జారే వేగం కన్నా ఎక్కువ.

ఇంకో తిరకాసు ఉంది. గాల్లో ఉన్నప్పుడు విమానం చక్రాలు తిరగవు. నేల తాకాకే తిరగడం మొదలవుతుంది. పొడి రన్‌వే మీద టైర్ల దగ్గర లేచే పొగ దాని వల్లే. తిరగని చక్రానికి 9 బదులు 7.7 వెయ్యాలి, అంటే 109 నాట్లకే జారడం మొదలు. కాబట్టి నీటి పొర మీద మెత్తగా వాలిన చక్రం తిరక్కుండానే నీళ్ల మీద తేలుతూ పోయే ప్రమాదం ఉంది. గట్టిగా తాకితే ఆ పొరని చీల్చుకుని నేలని పట్టుకుంటుంది, వెంటనే తిరుగుతుంది. అవ్వ మడమ గుచ్చినట్టు. అందుకే తడి రన్‌వే మీద నిదానంగా ఆనించే ప్రయత్నం చెయ్యొద్దు, గట్టిగా దించండి అని పైలట్లకు శిక్షణలోనే నేర్పుతారు.

చక్రం తిరిగితే చాలదు, ఆగాలి కూడా. ఇక్కడే మేం అసలు ఊహించని సంగతి ఒకటుంది. నేల తాకినా విమానం పూర్తిగా నేల మీద ఉన్నట్టు కాదు. అంత వేగంలో రెక్కలు దాన్ని ఇంకా పైకి లేపుతూనే ఉంటాయి, చక్రాల మీద బరువు సరిగ్గా పడదు. బరువు లేని చక్రానికి బ్రేకు ఎంత వేస్తే ఏం లాభం? సంత నుంచి ఖాళీగా వచ్చే ట్రాలీ ఆటో వాడు వానలో బ్రేకు తొక్కితే బండి ఎలా జారుతుందో మనకు తెలుసు, అదే నిండా సరుకుంటే అలా జారదు. అందుకని విమానం రెక్క మీద స్పాయిలర్లు అనే పలకలు ఉంటాయి. నేల తాకగానే అవి నిలువుగా లేస్తాయి, రెక్క లేపే శక్తిని చంపేస్తాయి. బరువంతా చక్రాల మీదికి వస్తుంది. ఇంజిన్ల గాలిని ముందుకు తిప్పే రివర్స్ థ్రస్ట్ ఇంకొకటి. మేం విన్న హోరు అదే.

ఇవన్నీ గాల్లో ఉండగా పొరపాటున తెరుచుకుంటే విమానం కూలిపోవచ్చు. అందుకే "నేల మీదికి వచ్చేశాం" అని విమానానికి నమ్మకం కలిగితేనే అవి పనిచేసేలా తయారు చేస్తారు. నమ్మకం ఎలా కలుగుతుంది? చక్రాల కాళ్లు బరువుకి కుంగాలి, లేదా చక్రాలు వేగంగా తిరగాలి. మరీ మెత్తగా దిగితే కాళ్లు కుంగవు. నీళ్ల మీద తేలితే చక్రాలు తిరగవు. అప్పుడు విమానం తాను ఇంకా గాల్లోనే ఉన్నాననుకుంటుంది.

ఇది ఊహించి రాసింది కాదు, జరిగింది. 1993 సెప్టెంబర్ 14న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పోలండ్ రాజధాని వార్సాకి లుఫ్తాన్సా విమానం ఒకటి వచ్చింది. ఎయిర్‌బస్ ఎ320. వాన. గాలి దిశ మారుతోందని హెచ్చరిక వస్తే పైలట్లు కొంచెం వేగం పెంచి, పక్క గాలికి తగ్గట్టు ఒక వైపు వంచి దించారు. నేల దగ్గరికి వచ్చేసరికి గాలి పక్క నుంచి కాదు, వెనక నుంచి వీస్తోంది. కుడి చక్రాలు రన్‌వే మొదలు నుంచి 770 మీటర్ల దగ్గర తాకాయి. ఎడమ చక్రాలు ఆనడానికి ఇంకో 9 సెకన్లు పట్టింది, అప్పటికి 1525 మీటర్లు దాటిపోయింది. రన్‌వే మొత్తం 2800 మీటర్లు. రెండు కాళ్లూ కుంగితే తప్ప రివర్స్ తెరుచుకోదు, రెండు కాళ్లూ కుంగడమో చక్రాలు వేగంగా తిరగడమో జరిగితే తప్ప స్పాయిలర్లు లేవవు, అదీ ఆ విమానం ఏర్పాటు. పైలట్లు లాగుతున్నారు, విమానం ఒప్పుకోలేదు. చివరికి రన్‌వే దాటి మట్టి కట్టను గుద్దుకుంది. లోపల 70 మంది, ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత ఎంత బరువు పడితే నేల మీదున్నట్టు లెక్క అనే అంకెను తగ్గించారు.

ఆ తొమ్మిది సెకన్లూ లోపలున్న ప్రయాణికులకు ఎలా అనిపించి ఉంటుంది? మాకనిపిస్తుంది, చాలా మెత్తగా అనిపించి ఉంటుంది. కొంతమంది "బాగా దించాడు" అనుకుని కూడా ఉంటారు.

తొమ్మిది సెకన్లు ఎక్కువేం కాదనుకునే వాళ్లకి ఒక లెక్క. 140 నాట్లంటే సెకనుకి 72 మీటర్లు. మెత్తగా ఆనిద్దామని ముక్కు ఎత్తి, నేలకి అడుగు రెండడుగుల పైన నాలుగు సెకన్లు తేలిస్తే దాదాపు 290 మీటర్ల రన్‌వే వెనక్కి పోయినట్టే. వెనక్కి పోయిన రన్‌వే మీద బ్రేకు వెయ్యలేం. శంషాబాద్ లాంటి చోట, 4,260 మీటర్ల రన్‌వే ఉన్నచోట, ఆ 290 మీటర్లు పోయినా పెద్ద ఇబ్బంది లేదు. పొడిగా, గాలి లేకుండా ఉంటే పైలట్లు కూడా సరదాగా మెత్తగానే దించుతారు. వాళ్లకీ చప్పట్లు ఇష్టమే కదా. అన్ని రన్‌వేలూ శంషాబాద్ లాంటివి కావు.

మంగళూరు, కోళికోడ్ రెండూ కొండ నెత్తిన చదును చేసి కట్టిన రన్‌వేలు. టేబుల్‌టాప్ అంటారు. మన కొండ మీది పోడు చెక్క ఎలా ఉంటుందో అలా ఊహించుకోండి, అంచు దాటితే లోయ. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో మరీ ఎత్తు నుంచి, వేగంగా దిగి, 8,000 అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు పోయాక నేల తాకింది. అంచు దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న, కరోనా రోజుల్లో, అదే సంస్థ విమానం, మళ్లీ దుబాయ్ నుంచే, కోళికోడ్‌లో రాత్రి పూట వానలో దిగింది. వెనక గాలి. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగుల దగ్గర నేల తాకింది, అంటే సరిగ్గా సగం అయిపోయాక. 190 మందిలో 21 మంది పోయారు, ఇద్దరు పైలట్లతో సహా. వానలో, కరోనా భయం ఉన్నా, చుట్టుపక్కల ఊళ్ల జనం పరుగెత్తుకొచ్చి మిగతా వాళ్లని బయటికి లాగారు.

ఇక్కడ మేం నిజాయితీగా ఒకటి చెప్పాలి. ఈ రెండూ మెత్తగా దించుదామన్న కోరికతో జరిగిన ప్రమాదాలు కావు. మంగళూరులో అసలు దిగే తీరే మొదటి నుంచీ తప్పు. కోళికోడ్‌లో గాలి, వాన, తొందర అన్నీ కలిశాయి. మేం వీటిని చెప్పేది ఒక్కందుకే. రన్‌వే ఎక్కడ అంటుకున్నాం అన్నది, ఎంత మెత్తగా అంటుకున్నాం అన్నదాని కంటే చాలా చాలా పెద్ద విషయం. రన్‌వే మీద తెల్లటి మందపాటి గీతలు ఉంటాయి. ఆ చుట్టుపక్కల దించాలి. దాటిపోతుందనిపిస్తే, మెత్తదనం సంగతి పక్కన పెట్టి నేలకి ఆనించెయ్యాలి, లేదా మళ్లీ పైకి లేపి చుట్టూ తిరిగి రావాలి.

విశాఖలో ఉండే వాళ్లకి ఇంకో ఉదాహరణ. మన విమానాశ్రయం రన్‌వే అసలు నేవీది, ఐఎన్ఎస్ డేగ వాళ్లది. నేవీ దగ్గర విక్రాంత్ అనే యుద్ధనౌక ఉంది కదా, దాని మీద దిగే మిగ్ పైలట్లు ముక్కు ఎత్తి మెత్తగా ఆనించడం అనే పనే పెట్టుకోరు. వచ్చిన వాలులో వచ్చినట్టే డెక్ మీద పడతారు, కింద తీగకి కొక్కెం తగిలి ఆగుతారు. తేలిస్తే తీగ తప్పిపోతుంది. డిసెంబర్‌లో నేవీ డే నాడు బీచ్‌లో నిలబడి ఈలలేసే జనం ఇది చూస్తే ఏమంటారో మరి. వాళ్లని మాత్రం ఎవరూ కోటా అనరు.

అలాగని ప్రతి గట్టి దెబ్బా తెలివైన నిర్ణయమే అని మేం అనట్లేదు. కొన్నిసార్లు పైలట్ అంచనా తప్పుతాడు, అంతే. గట్టిగా దిగడం వేరు, విరిగేలా దిగడం వేరు. పెద్ద విమానాల కాళ్లు, పూర్తి దిగే బరువుతో సెకనుకి 10 అడుగుల చొప్పున కిందికి వచ్చి పడినా తట్టుకునేలా కడతారు. రోజువారీ దిగేటప్పుడు సెకనుకి రెండు మూడు అడుగులు. మనం అమ్మా అని అరిచే దెబ్బ కూడా చాలాసార్లు ఆ పదికి సగం లోపే ఉంటుంది. నిజంగా హద్దు దాటితే పైలట్ రాసి ఇవ్వాలి, ఇంజినీర్లు పరీక్షించాకే విమానం మళ్లీ ఎగరాలి. నడుం నొప్పి కొలబద్ద కాదు.

మా అభ్యంతరం కొలబద్ద మీదే. విమానంలో ప్రతి క్షణం రికార్డవుతుంది, దిగినప్పుడు ఎంత దెబ్బ తగిలిందో అంకెలో వస్తుంది. ఆ అంకె దాటితే పైలట్‌ని పిలిచి అడుగుతారు. మంచిదే. కానీ పైన సంస్థా, లోపల ప్రయాణికులూ ఆ ఒక్క అంకెనే పట్టుకుంటే పైలట్ ఏం చేస్తాడు? దెబ్బ తగలకుండా చూసుకుంటాడు. ఇంకో రెండు సెకన్లు తేలుస్తాడు. వాన రోజున ఆ రెండు సెకన్లే కావాల్సి వస్తాయి. గట్టిగా దించినందుకు ఎంత నిలదీస్తారో, దూరంగా దించినందుకూ అంతే నిలదియ్యాలి. అది చెయ్యకుండా ఒక్కదాన్నే శిక్షిస్తే పైలట్లకి మనమే తప్పు నేర్పినట్టు.

మనకిది తెలియనిది కాదు. మన నాలుక మీద ఇంగ్లీషు మెత్తగా తిరగదు. తెలుగే కొందరికి రెండో భాష, ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకున్నాం. సెమినార్‌లో లేచి నిలబడితే మొదటి వాక్యం ధబ్‌మనే పడుతుంది. వెనక బెంచీలో నవ్వు. మాట ఎక్కడ దిగింది, సరైన చోటే దిగిందా అని ఎవరూ చూడరు. మెత్తగా మాట్లాడే వాడు విషయం చుట్టూ అరగంట తేలినా వాడికి చప్పట్లే. మేం ఎన్నిసార్లు చూశామో ఇది.

ఇంక ఆ కోటా మాట. వెనక సీటాయన మన గ్రూపులో లేడు, ఉన్నా ఇంత దూరం చదవడు, అయినా చెప్తాం. మన దేశంలో ఇప్పుడు ఎక్కువ విమానాలు నడిపేవి ప్రైవేటు సంస్థలు. ఎయిర్ ఇండియా కూడా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లిపోయింది. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. ప్రభుత్వ శిక్షణ సంస్థలో సీటు దగ్గర ఉండొచ్చు. ఆ తర్వాత కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు గాల్లో ఎగరాలి, డాక్టర్ల పరీక్ష నెగ్గాలి, ఉద్యోగం వచ్చాక ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి ఇంజిన్ ఆపేసి "ఇప్పుడు దించు" అంటారు. ఇంజిన్ ఆగిపోయినప్పుడు సర్టిఫికెట్ చూపిస్తే విమానం దిగదు.

ఇది మేం ఆ రోజు ఆయనతో అనలేదు. అప్పుడు తెలియదు కూడా. తెలిసుంటే అనేవాళ్లమా? దీని మీదే మా రూములో అసలు గొడవ. "తెలియకపోయినా 'ఆ మాట తప్పు సార్' అనొచ్చుగా, దానికి ఫిజిక్స్ ఎందుకు" అని ఒకడు. "మొదటిసారి విమానం ఎక్కి ఎవడితో పెట్టుకుంటాం" అని ఇంకొకడు. నవ్వినవాడు ఏమీ అనలేదు. వాడు ఇప్పటికీ ఆ మాట వస్తే గది బయటికి వెళ్లిపోతాడు. మేం వాణ్ని తప్పు పట్టట్లేదు. నలుగురు నవ్వుతుంటే నవ్వకపోతే తెలిసిపోతుందేమో అనే భయం మా అందరికీ తెలుసు.

ఆ రెండు ప్రమాదాల నివేదికల్లో మాకు నిద్ర పట్టకుండా చేసింది దూరాల లెక్క కాదు, ఇంకొకటి. మంగళూరులో కో-పైలట్ "గో అరౌండ్" అన్నాడు, అంటే వద్దు, పైకి లేపు అని. ఒక్కసారి కాదు, మూడుసార్లు. కెప్టెన్ పెద్దవాడు, అనుభవం ఉన్నవాడు, వినలేదు. కోళికోడ్‌లోనూ నేల తాకక ముందే కో-పైలట్ గో అరౌండ్ అన్నాడు. వినలేదు. దర్యాప్తు నివేదిక కెప్టెన్‌ని తప్పు పట్టి ఆగలేదు. చెప్పినా వినకపోతే కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకుని కో-పైలటే పైకి లేపాల్సింది, అలా చెయ్యలేదు అని కూడా రాసింది.

చదివినప్పుడు మాకు కోపం వచ్చింది. పాపం చిన్నవాడు, చెప్పాడు కదా, ఇంకేం చేస్తాడు అనిపించింది. పెద్దవాళ్ల చేతిలోంచి స్టీరింగ్ లాక్కోవడం మన పెంపకంలో ఉందా? మెస్‌లో అన్నం ఉడక్కపోతే వార్డెన్ సార్‌తో చెప్పడానికే పదిమంది కలిసి వెళ్తాం, అక్కడికెళ్లాక ఒకర్నొకరు ముందుకి తోసుకుంటాం. కానీ ఆ నివేదికలో ఇంకో వైపు కూడా ఉంది. చెప్పడం అతని దయ కాదు, ఉద్యోగం. కెప్టెన్‌ని కాదనే హక్కు ఆ కుర్చీతోనే వచ్చింది. కుడి సీట్లో కూర్చున్నవాడు ఎవరి కొడుకు, ఏ కోటా, ఏ భాష అని ఆ హక్కు అడగదు. మర్యాదగా ఊరుకున్నా, భయంతో ఊరుకున్నా విమానానికి ఒకటే.

మేం ఊరుకున్నాం. మా వల్ల ఎవరూ చచ్చిపోలేదు, అది నిజమే.

ఇక ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకోసం ఒక ముక్క. చింతూరు నుంచి ఎగువకు పోతే శబరి, సీలేరు కలిసే చోట మోటు. అది ఒడిశా, మల్కన్‌గిరి జిల్లా. మనకు అటూ ఇటూ చుట్టాలున్న నేల. ఆ మల్కన్‌గిరి నుంచి అనుప్రియ లక్రా అనే ఆదివాసీ అమ్మాయి 2019లో ఇండిగోలో కో-పైలట్ అయ్యింది. వాళ్ల నాన్న పోలీసు హవల్దార్. అప్పుడు పేపర్లలో వచ్చింది, మేం ఏడో తరగతో ఎనిమిదో తరగతో, మాకు ఎవరూ చదివి వినిపించలేదు. పైలట్ కావాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, లెక్కలు ఉండాలని కూడా ఎవరూ చెప్పలేదు. "ఎంపీసీ మీకు కష్టం" అని మాలో ఇద్దర్ని పదో తరగతి కాగానే వేరే గ్రూపులో పడేశారు. ఫీజు లక్షల్లో ఉంటుంది, చాలా లక్షలు, దాన్ని దాచట్లేదు. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఉడాన్ అకాడమీ ఉంది, ప్రవేశ పరీక్ష పెడతారు. ఎంపీసీ చదువుతున్న వాళ్లు కనీసం ఆ నోటిఫికేషన్ ఒకసారి తెరిచి చూడండి. అర్థం కాకపోతే ఇన్‌బాక్స్‌లో అడగండి, మేం కూర్చుని చదివి చెప్తాం.

ఆ వీడియో కింద మా నవ్వు బొమ్మలు నాలుగూ తీసేశాం. లైసెన్స్ కొన్నాడని రాసిన తమ్ముడికి విడిగా ఫోన్ చేశాం. "సరదాకి రాశానన్నా" అన్నాడు. వానలో దిగిందా, పొడిలో దిగిందా చూశావా అని అడిగితే మళ్లీ వీడియో పెట్టుకుని చూసి, "అద్దం మీద చుక్కలున్నాయన్నా" అన్నాడు.